నీడ కదిలింది, గొలుసు కదల్లేదు

ప్రశ్న: డాక్టరుగారూ, మాది విజయవాడ. రెండంతస్తుల సొంత ఇల్లు. మాకు నాలుగేళ్ల జర్మన్ షెపర్డ్ ఉంది. పేరు బ్రూనో, బరువు 34 కిలోలు. కుక్క ఇంట్లోకి రావడం మా మామయ్యగారికి ఇష్టం ఉండదు. అందుకని పగలంతా డాబా మీద రేకుల షెడ్డు కింద కట్టేసి ఉంచుతాం. నీడ ఉంది, నీళ్లు పెడతాం, టేబుల్ ఫ్యాను కూడా పెట్టించాం. అయినా పోయిన ఆదివారం నాలుగింటికి నేను పైకి వెళ్లేసరికి పక్కకి ఒరిగిపోయి, నోటి నిండా చిక్కటి చొంగతో కనిపించాడు. అక్కడి కొళాయి నీళ్లు పోస్తే లేవలేదు. తడి దుప్పటి చుట్టి కిందికి మోసుకొచ్చి, బోరు నీళ్లు పోశాక అరగంటకి లేచాడు. మర్నాడు థర్మామీటరు పెడితే 102 చూపించింది. జ్వరమని మావారు సగం పారాసిటమాల్ బిళ్ల వేశారు. ఇప్పుడు తిరుగుతున్నాడు కానీ మునుపటి హుషారు లేదు. వెంట్రుకలు పూర్తిగా తీయించేస్తే చల్లగా ఉంటుందని అందరూ అంటున్నారు. మజ్జిగ, పుచ్చకాయ పెడుతున్నాను. ఇంకా రోహిణి కార్తె రానే లేదు. ఏసీ పెట్టించే స్తోమత మాకు లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు అడిగిన వరసలో కాకుండా నా వరసలో చెబుతాను, ఏమీ అనుకోవద్దు. గుండు, మజ్జిగ, పుచ్చకాయ తర్వాత చూద్దాం. ముందు ఇవాళ సాయంత్రమే బ్రూనోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

లేచి తిరుగుతున్నాడు కదా అని మీరు ఊపిరి పీల్చుకున్నారు. వడదెబ్బ మోసం చేసేది అక్కడే. ఒంట్లో వేడి 106 ఫారన్‌హీట్ చేరేసరికి కుక్కకి లోపల చాలా దెబ్బతింటుంది. పేగుల లోపలి పొర ఊడుతుంది, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి, రక్తం గడ్డకట్టే తీరు తప్పుతుంది. ఇవన్నీ ఆ రోజే బయటపడవు. రెండో రోజో మూడో రోజో విరేచనంలో రక్తం పడుతుంది, మూత్రం తగ్గుతుంది, చిగుళ్ల మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. మీ వాడికి వారం గడిచింది, ఇవేవీ మీరు రాయలేదు, అంతవరకు సంతోషం. కానీ ‘మునుపటి హుషారు లేదు’ అన్న మాట నాకు నచ్చలేదు. రక్తకణాల లెక్క, ప్లేట్‌లెట్లు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాలేయ పరీక్ష చేయించండి. మీకు గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి దగ్గరే.  ఇవాళ కుదరకపోతే రేపు పొద్దున్నే బయల్దేరండి, ఎండ ముదరకముందే ఇంటికి వచ్చేయొచ్చు. అంతకు మించి ఆగొద్దు.

అదే రక్తంలోంచి గాజుపలక మీద ఒక చుక్క తీసి గోమార్ల జ్వరం కోసం కూడా చూడమనండి. గోమార్లనే పిడుదులు అని కూడా అంటారు. వేసవిలో ఇవి ఇబ్బడిముబ్బడిగా పెరుగుతాయి. గోడ బీటల్లోనూ రేకుల సందుల్లోనూ గుడ్లు పెడతాయి. ఇవి అంటించే ఎర్లీకియా, బబీసియా జబ్బులతో కుక్క ఇలాగే డీలాపడుతుంది. ముందే జ్వరంతో ఉన్న కుక్క వడదెబ్బకి మిగతావాటికంటే ఒక మెట్టు దగ్గరగా ఉంటుంది. చెవుల వెనకా కాలివేళ్ల మధ్యా వేళ్లతో తడిమి చూడండి. పెసరగింజంత గట్టిగా తగిలితే అదే.

ఇక ఆ బిళ్ల సంగతి. కుక్కకి 101 నుంచి 102.5 వరకు మామూలు వేడే. మీవారు చూసిన 102 జ్వరం కాదమ్మా, ఆరోగ్యం! మన లెక్క వాడికి వేశారు. పారాసిటమాల్ కుక్క కాలేయానికి, రక్తానికి చేటు చేయొచ్చు. ఇంట్లో నొప్పులకి వేసుకునే ఐబూప్రొఫెన్ అంతకన్నా ప్రమాదం, కడుపులో పుండ్లు పడతాయి. పైగా వడదెబ్బకి ఈ బిళ్లలు పని చేయవు. జ్వరంలో ఒళ్లు తనంతట తాను వేడి పెంచుకుంటుంది, దాన్ని బిళ్ల దించుతుంది. వడదెబ్బలో వేడి బయటినుంచి వచ్చి లోపల ఇరుక్కుపోతుంది. దాన్ని నీళ్లూ గాలీ తీయాలి తప్ప బిళ్ల తీయలేదు. సగం బిళ్ల వేసిన సంగతి డాక్టరుకి దాచకుండా చెప్పండి, ఆయనేమీ కోప్పడరు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. నీడ ఉంది, నీళ్లున్నాయి, ఫ్యాను ఉంది, అయినా పడిపోయాడేమిటని మీ ఆశ్చర్యం. మనకి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకి చెమట పట్టేది దాదాపుగా అరికాళ్ల మెత్తల్లోనే, అది లెక్కలోకి రాదు. దానికున్న కూలరల్లా నోరే. నిమిషానికి ఇరవై ముప్ఫై సార్లు తీసే ఊపిరిని మూడు వందల దాకా పెంచి, నాలుక మీదా గొంతులోనూ ఉన్న తడిని ఆవిరి చేసి ఒంటిని చల్లార్చుకుంటుంది. రొప్పడమంటే అదే. ఇది సాగాలంటే పీల్చే గాలి కొంచెమైనా చల్లగానో, పొడిగానో ఉండాలి. మే నెల మధ్యాహ్నం రేకుల కింద గాలి బయటికన్నా వేడిగా ఉంటుంది. రేకు పైనుంచి, స్లాబు కిందినుంచి కాలుస్తాయి. బ్రూనో రెండు పెనాల మధ్య రొట్టెలా పడుకున్నాడన్నమాట. ఇక ఫ్యాను. చెమట పట్టని ఒంటి మీద పొడిగా గాలి వీస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదు. వాడి ఒంటి వేడి సెల్సియస్‌లో 39 దగ్గర. మీ షెడ్డులో గాలి 44 ఉందనుకోండి, ఫ్యాను వాడికి చలవ కాదు, వేడి పంపిస్తోంది. మీరు మంచి మనసుతోనే పెట్టించారు, కాదనను.

అందుకని నా దృష్టిలో మీ ఇంట్లో ప్రమాదం ఎండ కాదు, గొలుసు.

ఒంటిగంటకి మీ వీధిలోకి తొంగి చూడండి. వీధికుక్క ఒక్కటీ ఎండలో ఉండదు. ఒకటి ఆగి ఉన్న కారు కింద దూరుతుంది. ఒకటి ఇల్లు కడుతున్నచోట ఇసక కుప్పని తవ్వి, అడుగున చెమ్మ తగిలాక పొట్ట ఆనించి పడుకుంటుంది. ఒకటి మురుక్కాలవలో పొట్ట ముంచి కూర్చుంటుంది. తెలివైనది ఏటీఎం గుమ్మం దగ్గర, తలుపు కింది సందులోంచి ఏసీ గాలి వచ్చేచోట ముక్కు పెట్టి నిద్రపోతుంది. వాటికి ఎవరూ ఫ్యాను పెట్టలేదు. చోటు మారే స్వేచ్ఛ ఉంది, అంతే. మీ బ్రూనోకి వాటికున్న తెలివే ఉంది, దాన్ని వాడుకోవడానికి మీరిచ్చింది ఆరడుగులు.

ఇది చెప్పే అర్హత నాకెలా వచ్చిందో కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నాటుకుక్కని పెంచేవాణ్ని. మే నెలలో ఒకరోజు పొద్దున్నే దాన్ని వేపచెట్టు నీడలో కట్టి, ముందు బేసిను నిండా నీళ్లు పెట్టి, పశువుల టీకాల క్యాంపుకి వెళ్లాను. పన్నెండింటికల్లా వచ్చేస్తాననుకున్నాను. వచ్చేసరికి రెండున్నర దాటింది. చెట్టు నీడ తూర్పువైపు తిరిగిపోయింది. గొలుసు ఎంత లాగిందో చెట్టు మొదట్లో బెరడు చెక్కుకుపోయి ఉంది. బేసిను బోర్లా పడి, నేల ఆరిపోయి కూడా చాలాసేపైంది. నేను పశువైద్యుణ్ని, చేతిలో మందుల పెట్టె ఉంది, దాన్ని బతికించుకోలేకపోయాను. నీడ కదిలింది, గొలుసు కదల్లేదు. పొద్దున కట్టేటప్పుడు నాకు తట్టనిది ఆ ఒక్క సంగతే.

కాబట్టి చేయవలసిన మొదటి పని ఏసీ కొనడం కాదు, బ్రూనోని డాబా దించడం. మామయ్యగారు ఇంట్లోకి వద్దన్నారు, సరే, ఇంట్లోకి తేవద్దు. కింద మెట్ల కింద చోటుంటుంది చూశారా, పాత సైకిలూ రంగు డబ్బాలూ పడేసేది, చాలా ఇళ్లలో వేసవి మధ్యాహ్నం అన్నిటికన్నా చల్లగా ఉండే చోటు అదే. పైన ఒక అంతస్తు, దాని పైన ఇంకొకటి, ఎండ తగలదు, నేల వేడెక్కదు. అది ఖాళీ చేయించి, గచ్చు కడిగించి, వాకిట్లోకి దారి వదిలి, గేటు వేసుకుని వాణ్ని విప్పేయండి. పగలంతా వద్దనుకుంటే కనీసం పదకొండు నుంచి ఆరు దాకా. డాబా మీద రాత్రి కూడా తొందరపడొద్దు. పగలంతా తాగిన వేడిని స్లాబు రాత్రి తొమ్మిది, పది దాకా కక్కుతూనే ఉంటుంది. అరచెయ్యి ఆనించి చూసి, చల్లబడ్డాకే పైకి తీసుకెళ్లండి. ఆ షెడ్డు ఎలాగూ ఉంది కాబట్టి రేకుల పైన తెల్లసున్నం వేయిస్తే మంచిది, మీ పై అంతస్తుకి కూడా కాస్త ఉపశమనం. తెలంగాణలో 2023లో ఇలాంటి చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చారు. అయితే సున్నం వేశాం కదా అని కుక్కని మళ్లీ అక్కడ కట్టొద్దు.

మామయ్యగారిని ఒప్పించడం మీ వంతు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో కుక్కని ఎప్పుడూ గొలుసుకి కట్టి ఉంచడం గురించి ఉంది, కానీ ఆ కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లకండి, పని చెడుతుంది. గోడకి తగిలించే థర్మామీటరు ఒకటి తెచ్చి, మధ్యాహ్నం రెండింటికి షెడ్డు కింద నేలకి జానెడు ఎత్తులో, అంటే బ్రూనో ముక్కు ఉండేచోట పెట్టి, పావుగంటయ్యాక ఆయన్నే చూడమనండి. తర్వాత దాన్నే మెట్ల కింద పెట్టమనండి. పెద్దవాళ్లు మన మాట కన్నా అంకెని నమ్ముతారు.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న ఇంకో మాట ‘అక్కడి కొళాయి నీళ్లు పోస్తే లేవలేదు’ అన్నది. ఎలా లేస్తాడమ్మా? మధ్యాహ్నం నాలుగింటికి డాబా మీది ట్యాంకు నీళ్లతో మనమే స్నానం చేయలేం. ఎండలో పడున్న పైపులో నిలిచిన మొదటి బకెట్ అయితే చురుక్కుమంటుంది. వాణ్ని లేపింది బోరు నీళ్లు. అందుకని వేసవి పోయేదాకా మెట్ల దగ్గర నీడలో ఒక డ్రమ్ము నిండా నీళ్లు ఎప్పుడూ ఉంచండి. కరెంటు లేకపోతే బోరు ఆడదు కదా.

మళ్లీ అలాంటి రోజు రాకూడదు కానీ, ఒకసారి వడదెబ్బ తిన్న కుక్కకి రెండోసారి తగలడం తేలిక కాబట్టి గుర్తుపెట్టుకోండి. పడిపోయేదాకా ఆగొద్దు. నాలుక గరిటెలా వెడల్పై బయటికి వేలాడటం, చొంగ జిగురులా సాగడం, పిలిస్తే కళ్లు తిప్పకపోవడం, నడిస్తే కాళ్లు తడబడటం, ఇవి చాలు. పెదవి ఎత్తి చిగురు చూడండి. మామూలుగా లేత గులాబీ రంగులో ఉంటుంది, బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలో రంగు తిరిగొస్తుంది. ఇటుకలా ఎర్రబడినా, పాలిపోయినా అపాయమే. వెంటనే నీడకి చేర్చి, పొట్ట, తొడల లోపలివైపు, చంకలు, మెడ తడిసేలా మగ్గుతో నీళ్లు పోస్తూనే ఉండాలి. తడిసిన ఒంటి మీద ఇప్పుడు ఫ్యాను పెట్టండి. పొడిగా ఉన్నప్పుడు పనికిరాని ఫ్యాను తడి మీద అద్భుతంగా పనిచేస్తుంది. తడి దుప్పటి మాత్రం చుట్టొద్దు. అది రెండు నిమిషాల్లో ఒంటి వేడికి వెచ్చబడి, గాలి తగలనీయకుండా కంబళిలా కప్పేస్తుంది. కింద పరిస్తే పరవండి. స్పృహ లేకుండా ఉంటే నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. థర్మామీటరు కొసకి కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూస్తూ, 103.5కి దిగగానే నీళ్లు ఆపండి, లేకపోతే వేడి అవసరానికి మించి పడిపోతుంది. ఒక పది నిమిషాలు ఇలా చల్లార్చాకే బండెక్కించాలి. మూసిన కారు కన్నా ఆటో నయం, రెండు వైపులా గాలి ఆడుతుంది. దారిలో కూడా తడుపుతూ ఉండండి.

గుండు వద్దు. జర్మన్ షెపర్డ్‌కి రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన బిరుసు వెంట్రుక, అడుగున దూదిలాంటి నూగు. పై వెంట్రుక ఎండని చర్మం దాకా రానివ్వదు. అది తీసేస్తే చర్మం నేరుగా కాలుతుంది, మళ్లీ వచ్చే బొచ్చు కూడా కొన్నిసార్లు మచ్చలు మచ్చలుగా వస్తుంది. గాలికి అడ్డం అడుగునున్న నూగు, అందులోనూ రాలిపోయి లోపలే చిక్కుకున్నది. సన్నటి తీగల బ్రష్షుతో రోజూ సాయంత్రం పది నిమిషాలు దువ్వండి. మొదటి రోజు ఒక దిండుకి సరిపడా వస్తుంది, భయపడకండి. పొట్ట కింద మాత్రం కాస్త కత్తిరించొచ్చు, చల్లటి గచ్చు చర్మానికి తగులుతుంది.

ఏసీ లేకపోయినా ఫరవాలేదు. మామూలు కూలరు చాలు, కానీ దాన్ని వాడే తీరుంది. పడమటి వడగాలి వీచే పొడి మధ్యాహ్నం కూలరు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సాయంత్రం గాలి సముద్రం వైపు తిరిగి ఉక్కపోత మొదలయ్యాక అదే కూలరు తేమని ఇంకా పెంచుతుంది, కుక్క నాలుక మీది తడి ఆరదు. అప్పుడు నీళ్ల పంపు ఆపేసి ఒట్టి గాలి పెట్టండి. కిటికీ ఎప్పుడూ తెరిచే ఉండాలి. రామగుండం, కొత్తగూడెం వైపు వాళ్లకి పొడి ఎండ కాబట్టి ఈ బాధ తక్కువ. మచిలీపట్నం, విశాఖ వాళ్లకి 36 డిగ్రీలే ఉన్నా కుక్క విలవిల్లాడుతుంది. అంకె చూసి మోసపోయేది అక్కడివాళ్లే. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి చప్పిడిముక్కు కుక్కలున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటికి రొప్పడానికి కావలసిన ముక్కే లేకుండా మనిషి పుట్టించాడు.

నడక ఉదయం ఐదున్నరకి, ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి. అరచేతి వెనకవైపు రోడ్డుకి ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి, పెట్టలేకపోతే వాడి పాదాలూ పెట్టలేవు. సాయంత్రం ఏడింటికి ఎండ పోతుంది కానీ తారు రోడ్డు వేడి పోదు. వాడికి మరో నెల పాటు పరుగులూ బంతాటలూ వద్దు. కరుస్తాడేమోనని మూతికి బిగుతు పట్టీ కడితే రొప్పలేడు. తప్పదనుకుంటే నోరు తెరుచుకునేంత వదులుగా ఉండే తీగ బుట్ట వాడండి. కారులో వదిలి కూరలు కొనుక్కురావడం లాంటివి అసలే కూడదు. పది నిమిషాల్లోనే లోపల పది డిగ్రీలు పెరుగుతుంది, అద్దం రెండు వేళ్లు దించినా ప్రయోజనం ఉండదు.

తిండి విషయంలో మీరు బాగానే చేస్తున్నారు. మజ్జిగ పలచగా, ఉప్పూ మిరపకాయా అల్లమూ లేకుండా ఒక గిన్నెడు. విరేచనం పలచబడితే ఆపేయండి. పుచ్చకాయ గింజలూ చెక్కూ తీసి నాలుగు ముక్కలు. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి వద్దు. పొద్దున నడక అయ్యాక, రాత్రి తొమ్మిదింటికి రెండు పూటలే పెట్టండి. ఎండకి ఎప్పుడైనా సరిగా తినకపోతే బలవంతం వద్దు. 34 కిలోల కుక్క మామూలు రోజుల్లోనే రెండు లీటర్ల దాకా తాగుతుంది, ఇప్పుడు మూడు కూడా తాగొచ్చు. స్టీలు గిన్నె తేలిగ్గా బోర్లా పడుతుంది, ఎండ తగిలితే కాలుతుంది. బరువైన మట్టి తొట్లు రెండు కొని రెండు చోట్ల పెట్టండి. ఐసు ముక్కలు వేస్తే చచ్చిపోతుందని ఒక ప్రచారం ఉంది, అబద్ధం, నాలుగు ముక్కలు వేయండి. ఈ సీజన్లో నాకు వడదెబ్బ కేసులతో పాటు తప్పకుండా వచ్చేది ఇంకొకటుంది, మామిడి టెంక. పిల్లలు చీకి వాకిట్లో పడేస్తారు, కుక్క మింగేస్తుంది, పేగులో అడ్డంపడి ఆపరేషన్ దాకా వెళుతుంది. వాకిట్లో వాణ్ని విప్పాలంటే ముందు టెంకలకి మూతున్న చెత్తబుట్ట పెట్టండి.

రక్తపరీక్ష అయ్యాక ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ ఎంత వచ్చాయో రాయండి. మధ్యాహ్నం రెండింటికి షెడ్డు కింద ఎంత, మెట్ల కింద ఎంత చూపించిందో ఆ రెండు అంకెలు కూడా. అవి మాత్రం మామయ్యగారి చేత్తోనే రాయించండి.